కాగితపు అనుభవము

వేసవి సెలవులలో న్యాయస్థానములు మూతపడినను మా కచేరీకి వచ్చువారి సంఖ్య తగ్గుట లేదు. వచ్చువారు వాదులును గారు, ప్రతివాదులును గారు. డిగ్రీ చదువుకొనుచున్న విద్యార్థులు. ప్రతివాని చేతిలోను ఒక అచ్చు ఫారము ఉండును. పేరు, తరగతి, పనిచేసిన స్థలము, పనిచేసిన దినములు అని అందులో గళ్లుండును. అడుగున సంతకమునకు, ముద్రకు చోటుండును. ఇటీవల నొకనాడు బి.కాం. చదువు బాలుడొకడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. తండ్రి ధాన్యపు కొట్టులో గుమాస్తా. మాకు చిరకాల పరిచితుడు.

"వకీలుగారూ, మావాడు తమవద్ద రెండు నెలలు పనిచేసినట్లు ఒక్క సంతకము దయచేయించండి. రేపే గడువట" అని ఆయన అడిగెను. పిల్లవాడు మా గడప తొక్కుట ఇదే మొదలు గదా యంటిమి. "అందరును ఇట్లే చేయుచున్నారండి" అని ఆయన దాచకుండ నిజము చెప్పెను. రేపటినుండి పంపుడు, రెండు నెలలు కూర్చుండబెట్టి తెలిసినంత పని నేర్పుదుము, పిమ్మట సంతకము చేయుదుము అంటిమి. "రేపే గడువు గదండీ" అని ఆయన మరల అదేమాట అనెను. పిల్లవాడు తలయెత్తి చూడలేదు. ఆ సాయంకాలమే వానికి కావలసిన కాగితము వేరొకచోట రుసుము చెల్లింపగా దొరకినదని పిదప వింటిమి.

ఈ వ్యవహారములో ఆ తండ్రిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. నూటికి తొంబదిమంది నడచు బాటనే ఆయనయు నడచెను. కాని రెండు నెలలు పనిచేసినట్లు సాక్ష్యము కొనుక్కొన్న బాలుడు మొట్టమొదట నేర్చుకొన్న వృత్తివిద్య ఏమి? కూటసాక్ష్యము సంపాదించు విద్య. న్యాయస్థానమున అబద్ధపు సాక్ష్యమునకు శిక్ష కలదు. కళాశాలలో దానికి మార్కులు కలవు!

పాఠకులు మమ్ము అపార్థము చేసికొనకుందురు గాక. చదువుతోపాటు పని నేర్పవలెనను ఏర్పాటునకు మేము విరోధులము కాము. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఈ మాట చెప్పినది. ఆంధ్రప్రదేశము 2020-21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్పు విధిగా ఉండవలెనని నిర్ణయించినది. మొదటి సంవత్సరము పిదప సమాజసేవకు రెండు నెలలు, రెండవ సంవత్సరము పిదప కార్యాలయమునందో కర్మాగారమునందో రెండు నెలలు, పిమ్మట ఒక సెమిస్టరు పూర్తిగా పనిలోనే గడుపుట. ఆరంభమున చేసిన ఏర్పాటు ఇది. కాగితముమీద చూచినచో ఇంతకంటె మంచి ఏర్పాటు మన కళాశాలల చరిత్రలో అరుదు. అందువలననే అది కాగితముమీదనే నిలిచిపోవుట చూచి మాకు కడుపు మండుచున్నది.

ఈ కోరిక నిన్న మొన్న పుట్టినది గాదు. 1854 నాటి ఉడ్ దొరగారి విద్యా లేఖ, దానివెంట 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో వెలసిన విశ్వవిద్యాలయములు మనకు పరీక్షల నిచ్చినవి, పట్టముల నిచ్చినవి, కచేరీలకు గుమాస్తాల నిచ్చినవి. చేతికి పని నేర్పలేదు. ఆ లోపమును కనిపెట్టి 1906లో వంగదేశమున జాతీయ విద్యాపరిషత్తు స్థాపింపబడెను. 1910లో మన బందరులో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచట పుస్తకముతోపాటు వడ్రంగము, నేత, యంత్రపు పని విద్యలో భాగములు. ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చిత్రలేఖనము నేర్పగా అడివి బాపిరాజు నేర్చుకొనినది అచటనే. ఆ కళాశాల పట్టమునకు సర్కారు కొలువులో విలువ లేకపోయెను. ఆ పనికి మాత్రము లోకములో విలువ యుండెను. నేడు మన సంగతి తలక్రిందులైనది. పట్టమునకును, దానితో కుట్టిన అనుభవ పత్రమునకును సర్కారు ముద్ర కలదు. లోపల పని లేదు.

ఇక వాదమునకు వత్తము. ఈ విషయమున మన పట్టణములలో రెండు పక్షములవారు కలరు. మొదటి పక్షమువారు, కళాశాల చదువే దండుగ, పదునెనిమిదవ యేట పనిలో పెట్టినచో ఇరువదియొకటవ యేటికి చేతికి అందివచ్చును అందురు. రెండవ పక్షమువారు, పుస్తకము చదువుట కళాశాల పని, పని నేర్పుట యజమాని పని, ఈ రెంటిని కలిపినచో రెండును చెడును అందురు. ఇరువురును పొరబడుచున్నారని మా మనవి. మాకు తెలిసిన వృత్తిలోనుండి ఒక్క ఉదాహరణ మిత్తుము.

ప్రోనోటు బాకీకి మూడేండ్లలో దావా వేయవలెనని కాలపరిమితి చట్టము చదివిన ప్రతి విద్యార్థికి తెలియును. 1963 నాటి ఆ చట్టములో పందొమ్మిదవ సెక్షను, గడువు తీరకమునుపు బాకీలో కొంత చెల్లించి సంతకముతో వ్రాసియిచ్చినచో ఆనాటినుండి గడువు మరల మొదలగునని చెప్పుచున్నది. ఇదియు పుస్తకములో కలదు. కాని పల్లెటూరినుండి రైతు వచ్చి ఎదుట కూర్చుండి, ప్రోనోటు వ్రాసి నాలుగేండ్లయినదని చెప్పగనే, పుస్తకము మాత్రమే చదివినవాడు "కాలదోషము పట్టినది, వెళ్లిరండు" అని పంపివేయును. పని నేర్చినవాడు ఆ కాగితమును వెనుకకు త్రిప్పును. వెనుక చెల్లు పడియున్నదా, ఏ తేదీన పడినది, ఎవరి చేవ్రాలు, ఆ తేదీ మూడేండ్లలోపుదా అని చూచును. ఆ కాగితమును వెనుకకు త్రిప్పవలెనని ఏ పుస్తకమును చెప్పదు. సీనియరు వకీలు ఒకనాడు కసరుకొని చెప్పును. అది జన్మలో మరపునకు రాదు.

మరి పుస్తకము చదువని గుమాస్తా సంగతి యేమి? ఇరువదియేండ్లు కచేరీలో పనిచేసిన గుమాస్తాకు కాగితము త్రిప్పుట వెన్నతో పెట్టిన విద్య. చెల్లు చూపినచో చాలుననుకొనును. గడువు తీరిన పిదప పడిన చెల్లు దావాను ఏల బ్రతికింపదో ఆయనకు తెలియదు. ఎట్లు చేయవలెనో ఒకరికి తెలియును, ఏల చేయవలెనో ఒకరికి తెలియును. కక్షిదారునకు కావలసినది రెండును తెలిసినవాడు. ఈ ఒక్క మాట వైద్యునికి వర్తించును, ఇంజనీరునకు వర్తించును, లెక్కలు చూచువానికి వర్తించును. కావుననే చదువును, పనిని వేరువేరు కాలములలో గాక ఒకదాని ప్రక్కన నొకటి నడుపవలెను అనుచున్నాము. పనిలో తగిలిన ప్రశ్న తరగతికి రావలెను. తరగతిలో విన్న సూత్రము పనిలో పరీక్షకు నిలువవలెను.

ఇంతగా చెప్పుచున్నారే, మీ వృత్తిలో ఈ ఏర్పాటు ఎట్లు నడచుచున్నదని పాఠకులు అడుగవచ్చును. సిగ్గుతోనే చెప్పుదుము. 1961 నాటి న్యాయవాదుల చట్టములో కొత్త పట్టభద్రుడు శిక్షణ పొంది పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెనను నిబంధన ఉండెను. 1973లో దానిని తొలగించిరి. 1995లో భారత న్యాయవాదుల మండలి ఒక సంవత్సరము శిక్షణ విధించుచు నియమములు చేసెను. పార్లమెంటు తొలగించిన దానిని నియమముల ద్వారమున తిరిగి పెట్టుటకు మండలికి అధికారము లేదని 1999లో సుప్రీముకోర్టు వానిని కొట్టివేసెను. పిమ్మట 2008 నాటి విద్యానియమములలో, మూడేండ్ల కోర్సు చదువువారు పండ్రెండు వారములు, అయిదేండ్ల కోర్సు చదువువారు ఇరువది వారములు ఇంటర్న్‌షిప్పు చేయవలెననిరి. విద్యార్థి డైరీ వ్రాయవలెను. వకీలు సంతకము చేయవలెను. చూడని వాయిదాలను చూచినట్లు వ్రాసిన డైరీలను మేము చూచితిమి. వానిపై సంతకములు చేసిన పెద్దలను ఎరుగుదుము. మాలో ఎవరమును ఎన్నడును చేయలేదని ప్రమాణము చేయుటకు మాకు నోరు రాదు. మొగమాటము చెడ్డది. చుట్టపువాడు వచ్చి అడిగినప్పుడు కలము దానంతట అదే నడచును.

ఐనను ఈ దేశములోనే ఈ ఏర్పాటు చక్కగా నడచు వృత్తులు లేకపోలేదు. వైద్యవిద్యార్థి నాలుగున్నర యేండ్లు చదివి పరీక్షలన్నియు నెగ్గినను హౌస్‌సర్జనుగా ఒక సంవత్సరము ఆసుపత్రిలో పనిచేయనిదే అతని పేరు శాశ్వతముగా నమోదు కాదు. మన గుంటూరు, విశాఖ, వరంగల్లు, హైదరాబాదు ప్రభుత్వ వైద్యశాలలలో అర్ధరాత్రి ప్రాణాపాయముతో వచ్చిన రోగికి మొదట ఎదురగునది సామాన్యముగ హౌస్‌సర్జనే. భృతి చాలదనియు, సమయమునకు రాదనియు వారు పలుమారులు సమ్మెలు చేసిరి. ఆ కోర్కెలు న్యాయమైనవి. కాని పని అబద్ధమని ఎవరును అనలేదు. ఏలన, ఎదుట రోగి ఉన్నాడు. రోగిముందర కాగితపు అనుభవము పనికిరాదు.

చార్టర్డు అకౌంటెంటు కాదలచినవాని సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ఆర్టికల్‌షిప్పు మూడేండ్లుండగా 2023లో రెండేండ్లకు తగ్గించిరి. తగ్గించుట మంచిదా కాదా అను చర్చ వేరు. అచట శిష్యుని పేరు సంస్థలో నమోదగును, గురువు పేరు నమోదగును, ఇంతకు తక్కువ ఈయరాదని భృతికి నియమము కలదు. ఈ రెండు వృత్తులలోను నేర్పువాడు ఎవడో తెలియును. నేర్చువానికి ఎంతోకొంత పైకము ముట్టును. నేర్చుకొననివానికి వృత్తిద్వారము తెరువబడదు. మన డిగ్రీ కళాశాలలలోను, ఇంజనీరింగు కళాశాలలలోను ఈ మూడింటిలో ఏది కలదు?

ఇంజనీరింగు పేరు వచ్చినది గనుక హైదరాబాదులోని అమీరుపేట మాట చెప్పక తప్పదు. మైత్రీవనము చుట్టుపట్ల గోడలమీద, స్తంభములమీద, మెట్లమీద కంప్యూటరు కోర్సుల ప్రకటనలు అంటించియుండుట చూడని తెలుగు యువకుడు అరుదు. అచట నిజముగ విద్య చెప్పువారు చాలమంది కలరు. తక్కువ రుసుముతో వేలమందికి అన్నము పెట్టిన వీధి అది; దానిని హేళన చేయువారితో మేము చేరము. కాని ఆ ప్రక్కనే, చివరి సంవత్సరపు ప్రాజెక్టును కట్టలు కట్టి అమ్ము వ్యాపారమును వెలసినది. అచ్చువేసిన నివేదిక, సిద్ధముగానున్న ప్రోగ్రాము, పరీక్షకుడు అడుగగల ప్రశ్నలు, వానికి జవాబులు అన్నియు ఒకేచోట దొరకును. నాలుగేండ్ల చదువునకు కలశము వంటిది ఆ ప్రాజెక్టు. కలశమును అంగడిలో కొనుక్కొన్న తరువాత గోపురము కట్టినను కట్టకున్నను ఒకటే గదా.

కొనువాని తప్పు కొనువానిదే. ఐనను, కొనక తప్పని స్థితి కల్పించిన వారిని విడిచిపెట్టుటకు వీలులేదు. ఇన్నూరుమంది విద్యార్థులను ఒక్కసారిగా వీధిలోనికి పంపి, ఎవరికివారు పని వెదకుకొని పత్రము తెచ్చుకొనుడు అని చెప్పు కళాశాలకు, ఆ పని యెక్కడ దొరకునో ఒక్క చోటు చూపవలెనను బాధ్యత లేదా? జీతము పుచ్చుకొను అధ్యాపకుడు ఆ పనిస్థలమునకు ఒక్కసారియైన పోయి చూడవలదా? కొన్నిచోట్ల కళాశాలయే ఏదో యొక కంపెనీతో ఒడంబడిక కుదుర్చుకొని, తలకింతయని విద్యార్థులవద్ద వసూలుచేసి, సెల్‌ఫోనులో చూడదగిన పాఠములు కొన్ని చూపించి, అందరికి ఒకే మాటలతో పత్రములు పంచిపెట్టుచున్నదని విద్యార్థులే మాతో చెప్పిరి. పనిచేసినవానికి కూలి ఇచ్చుట లోకధర్మము. పనిచేయుటకు పనివాడే కూలి ఇచ్చుట మన విద్యాలయములు కనిపెట్టిన కొత్త ధర్మము.

ఇంకొక పక్షమువారు కలరు. వారు సభలలో వేదికల నెక్కి, మన పట్టభద్రులలో నైపుణ్యము లేదు, పనికి రారు, అని ఏటేట విలపించు కంపెనీ పెద్దలు. అయ్యా, నైపుణ్యము లేదన్నది కొంత నిజమే. నేర్పవలసినవారు ఎవరు? పెద్ద కంప్యూటరు కంపెనీలు పట్టభద్రులను చేర్చుకొని నెలల తరబడి తామే శిక్షణ ఇచ్చుట మనకు తెలియనిది కాదు. ఇన్ఫోసిస్ వారు అందుకు మైసూరులో ఒక పట్టణమంత ఆవరణ కట్టిరి. ఎంత చక్కని కళాశాలలో చదివినను పనిచోట నేర్పవలసినది కొంత మిగులునని దీనివలననే తేలుచున్నది. అది యజమాని భాగము. ఆ భాగమును విద్యార్థి తండ్రి నెత్తిమీదికి నెట్టి, పైపెచ్చు వానిని చేతగానివాడని దూషించుట న్యాయము గాదు. మిల్లులో మగ్గము త్రిప్పి చూపకుండ నేతగాడు దొరకలేదని వగచినట్లున్నది.

చట్టము ఈ విషయమున నిద్రించుచున్నదా? లేదు, మేల్కొనియే యున్నది. 1961లో అప్రెంటిసుల చట్టము చేసిరి. మొదట చేతిపనులవారికే యుండిన దానిని 1973లో పట్టభద్రులకు, డిప్లమావారికి విస్తరింపజేసిరి. 2019 నాటి నియమముల ప్రకారము ముప్పదిమందియు అంతకు పైబడియు పనివారున్న ప్రతి సంస్థయు నూటికి రెండున్నరకు తక్కువ గాకుండ, పదునైదుకు మించకుండ అప్రెంటిసులను తీసికొని తీరవలెను. పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలకు తగ్గని భృతి ఈయవలెనని అప్పుడు నిర్ణయించిరి. ఒడంబడిక వ్రాసి నమోదు చేయవలెను. పనిలో గాయపడినచో యజమాని పరిహార మీయవలెను. ఇన్ని రక్షణలు ఉన్నవి. అప్రెంటిసు కార్మికుడు గాడు, శిక్షణ పొందువాడు మాత్రమే అనియు ఆ చట్టమే చెప్పుచున్నది. శిక్షణ ముగిసిన పిదప పని ఈయవలెనను నిర్బంధము లేదు; ఐనను 1995లో సుప్రీముకోర్టు, తక్కిన అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవానికి ప్రాధాన్యము ఈయవలెనని చెప్పినది. చట్టమును ఉల్లంఘించిన యజమానికి పూర్వము చెరసాల శిక్ష ఉండెను. 2014 సవరణతో అది పోయి జరిమానా మిగిలినది.

మా పట్టణములో మిల్లులు, ఆసుపత్రులు, దుకాణములు ఎన్ని కలవో, వానిలో ముప్పదిమందికి పైబడిన పనివారున్నవి ఎన్నియో పాఠకులే లెక్కించుకొందురు గాక. వానిలో ఎన్నింట ఈ చట్టము ప్రకారము ఒడంబడిక వ్రాసికొన్న అప్రెంటిసును వారు చూచిరి? చట్టముక్రిందకు వచ్చు అప్రెంటిసును తీసికొనినచో ఒడంబడిక వ్రాయవలెను, భృతి ఈయవలెను. ఇంటర్ను అని పేరు మార్చినచో ఏదియు అక్కరలేదు. పేరులో నున్న మహిమ ఇది! ఆ చట్టము క్రింద ఒడంబడిక లేని ఇంటర్ను యంత్రములో చేయి పెట్టుకొని గాయపడినచో ఆ చట్టములోని పరిహారపు సెక్షను వానికి అక్కరకు రాదు.

భృతి మాట చిన్న మాట కాదు. పది నెలలు ఉత్తచేతులతో పనిచేయగలవాడు ఎవడు? తండ్రికి సొంత ఇల్లు, పట్టణములో చుట్టములు, తెలిసిన పెద్దమనుష్యులు ఉన్నవాడు. శ్రీకాకుళము మారుమూలనుండి వచ్చి హాస్టలులో ఉండి చదువు బాలుడు, పాలమూరు పల్లెలో తల్లి కూలికిపోగా చదువు బాలిక, వీరు హైదరాబాదులోనో విశాఖలోనో గది అద్దెకు తీసికొని జీతము లేని పని చేయుట సాధ్యమా? చేయలేరు. కనుక వారు కాగితము కొనుక్కొందురు. కలవారి బిడ్డకు నిజమైన అనుభవము, లేనివారి బిడ్డకు అచ్చు కాగితము! తరువాత ఇరువురును ఒకే ఉద్యోగపు ప్రశ్నసభకు పోవుదురు. అచట మొదటివాడు గెలిచినచో ప్రతిభ అందురు. ఆడపిల్లల సంగతి మరింత కష్టము. సాయంకాలము ఏడు గంటలకు పనిచోటు విడిచి ఊరికి పోవు బస్సు దొరకనిచోట, ఇంటర్న్‌షిప్పు విధి అను ఆజ్ఞ ఏ తల్లిదండ్రులకు ధైర్యము నిచ్చును?

కేంద్ర ప్రభుత్వమువారు 2024 బడ్జెటులో అయిదేండ్లలో కోటిమంది యువకులకు అయిదు వందల పెద్ద కంపెనీలలో ఇంటర్న్‌షిప్పు చూపుదుమని ప్రకటించి, ఆ యేడు అక్టోబరులో మొదలిడిరి. ఆరంభమున నెలకు 5,000 రూపాయలు నిర్ణయించిరి; అందు 4,500 సర్కారువి, 500 కంపెనీవి. ఏదో యొక పైకము ముట్టవలెనను సూత్రమును అంగీకరించినందులకు సంతోషించుచున్నాము. లాభము పొందు కంపెనీ పదవ వంతు, పన్నులు కట్టు ప్రజలు తొమ్మిది వంతులు భరించుట ఏ లెక్కయో మాకు బోధపడలేదు. మహానగరములో ఆ సొమ్ము గదికిని భోజనమునకును చాలునా అను ప్రశ్న వేరుగ నుండనే యున్నది.

చదువును పనిని ఒకటిగ నడుపుట అసాధ్యమను వారికి రెండు దృష్టాంతములు చూపుదుము. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో ఇరువదియేడుగురు ఇంజనీరింగు విద్యార్థులతో ఒక ప్రయోగము మొదలుపెట్టెను. విద్యార్థులు ఒక వారము కర్మాగారములో పని, మరుసటి వారము తరగతిలో చదువు. కర్మాగారమువారు కూలి ఇచ్చిరి. నూరేండ్లు దాటినను ఆ పద్ధతి అచట నిలిచియున్నది; దేశదేశములకు వ్యాపించినది. అంత దూరము పోనక్కరలేదు. మన రాజస్థానములోని పిలానీ విద్యాసంస్థవారు 1973లో ప్రాక్టీసు స్కూలు అను పేర ఇట్టి ఏర్పాటు చేసిరి. అందు మాకు మెచ్చుదగినట్లు తోచినది ఒక్కటి. విద్యార్థుల వెంట అధ్యాపకుడును కర్మాగారమునకు పోవును. అచట వారిని కనిపెట్టి యుండి మార్కులు వేయును. మన కళాశాలలవారు పిల్లలను పంపిరి గాని గురువును పంపుట మరచిరి. గురువు పోనిచోట శిష్యుడు ఏమి నేర్చినది ఎవరు చెప్పగలరు?

మన జిల్లాలలో అట్టి పెద్ద కర్మాగారములు ఎక్కడ కలవు అని అధైర్యపడువారు తమ ఊరి బజారును కన్నులు తెరచి చూడలేదని చెప్పక తప్పదు. గుంటూరు మిర్చి యార్డునే తీసికొందము. తెల్లవారుజామున టిక్కీలు దిగును. కమీషను వ్యాపారి, కొనుగోలుదారుడు, ముఠా కూలీ, కాటా వేయువాడు, రైతు అందరును ఒకే చోట నుందురు. సరుకు రంగు, తేమ చూచి ధర కట్టుదురు. తరుగు పేర కొంత, కమీషను పేర కొంత, కూలి పేర కొంత పోయి రైతు చేతికి వచ్చు చీటీలో మిగిలినది ఎంత? ధర నచ్చనివాడు సరుకును కోల్డు స్టోరేజీలో పెట్టి, రసీదుపై అప్పు తెచ్చుకొన్నచో వడ్డీ ఎంత, అద్దె ఎంత, ఆరు నెలల పిదప లాభమా నష్టమా? ఒక బి.కాం. విద్యార్థి ఆ యార్డులో రెండు నెలలు నిలిచి, ఇరువదిమంది రైతుల చీటీలు నకలు తీసికొని లెక్కకట్టి తరగతిలో చదివి వినిపించినచో, వానికి ఖాతాలు వచ్చును, వాణిజ్యము వచ్చును, తన జిల్లా ఎట్లు బ్రతుకుచున్నదో తెలియును. ఆ లెక్క రైతుకును పనికివచ్చును. ఏ అమీరుపేటలో కొనగలరు దీనిని?

భీమవరము రొయ్యల చెరువులలో నీటి పరీక్ష రసాయనశాస్త్ర విద్యార్థి చేయదగినది. సిరిసిల్ల మరమగ్గముల షెడ్డులో విద్యుత్తు ఖర్చు భౌతికశాస్త్ర విద్యార్థి కట్టదగిన లెక్క. మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు, ఆర్.టి.సి. డిపో, సహకార బ్యాంకు, జిల్లా గ్రంథాలయము, రిజిస్ట్రారు కచేరీ ప్రతి పట్టణమునందును ఉన్నవే. ఇవి లేవని చెప్పువాడు వెదకలేదన్నమాట.

కళాశాలల యజమానులను మేము అడుగునది ఎక్కువ గాదు. ఏ విద్యార్థి ఎక్కడ, ఎవరి క్రింద, ఏ దినమునుండి ఏ దినమువరకు పనిచేయుచున్నాడో ఆ పట్టికను పని మొదలగుటకు ముందే కళాశాల గోడమీద అంటింపుడు. ఊరివారందరు చూతురు, అబద్ధము వ్రాయుటకు చేయి జంకును. ప్రతి పదునైదు దినములకు ఒక అధ్యాపకుడు ఆ చోటికి పోవలెను. ఆ రాకపోకల ఖర్చు కళాశాల భరింపవలెను. విద్యార్థివద్ద పనిపేర ఒక్క కాసు పుచ్చుకొనరాదు. పని ముగిసిన తరువాత విద్యార్థి తాను నేర్చిన దానిని తోటివారియెదుట, పని నేర్పిన వారిని పిలిపించి, నోటితో చెప్పవలెను. అచ్చువేసిన నివేదిక అంగడిలో దొరకును. పదిమందిలో నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పు నోరు అంగడిలో దొరకదు. ప్రభుత్వమువారిని అడుగునది ఒక్కటే: ఇంటర్ను అని పేరుపెట్టి పని పుచ్చుకొను ప్రతివానికిని అప్రెంటిసుల చట్టములోని ఒడంబడిక, భృతి, పరిహారము వర్తింపజేయుడు. చిన్న సంస్థలకు భారమైనచో ఆ భృతిలో సర్కారు భాగము పెంపుడు. పెద్ద సంస్థలకు దయ చూపకుడు.

సంతకములు చేయువారమైన మనమాట కూడ మిగిలియున్నది. పఠనమందిరములో ఈ పత్రికను చదువు వకీళ్లు, వైద్యులు, వర్తకులు, బ్యాంకు మేనేజర్లు, ఫ్యాక్టరీ యజమానులు ఒక్క సంగతి ఆలోచింతురు గాక. ఈ కాగితపు వ్యాపారము మన కలముతోనే నడచుచున్నది. మనము సంతకము చేయకున్నచో ఆ ఫారము ఉత్త కాగితము. ఈ మాట మా ఊరి వకీళ్ల గదిలో ఎత్తితిమి. పనిచేయని వానికి సంతకము చేయము, చేయదలచినవానిని కాదని త్రిప్పిపంపము అను షరతునకు అయిదుగురు ఒప్పుకొనిరి. ఒక పెద్దాయన నవ్వి, "పిల్లలను కూర్చుండబెట్టుటకు మీ గదిలో కుర్చీలు ఎక్కడివయ్యా?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. రెండు బల్లలు చేయించుటకు వడ్రంగికి పురమాయించితిమి. ధాన్యపు కొట్టు గుమాస్తాగారి అబ్బాయికి కబురు పంపితిమి. కాగితము వానికి ముందే దొరకినది గనుక వచ్చునో రాడో చూడవలెను.